జాంగ్రీకి ఈడు చూసిన అప్పడాల వాళ్ళు

ఎవరి తెలివి ఎంతో తూచే తక్కెడ ఈ లోకంలో లేదు గానీ, ఉండుంటే గుమ్మళ్ళ తాతారావు ఇంటివాళ్ళు రోజూ పొద్దున్నే దాన్నెక్కి కూర్చునేవాళ్ళు. వాళ్ళ తెలివంటే వాళ్ళకంత నమ్మకం! "ఊళ్ళోవాళ్ళు సగం మాట వింటారు, మిగతా సగం ఊహించుకుంటారు. అందుకే చెడతారు. మా ఇంటా వంటా ఊహన్నది లేదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం" అని తాతారావు అరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్ళకి చెప్పేవాడు. పక్కనే తమ్ముడు నూకరాజు "అవునన్నయ్యా, మనకి ఊహే లేదు" అని తలాడించేవాడు. ఆ మాటలో మాత్రం రవ్వంత అబద్ధం లేదు.

వాళ్ళది అప్పడాల వ్యాపారం. తాతారావు పిండి దంచుతాడు, పెళ్ళాం మంగాయమ్మ ఒత్తుతుంది, నూకరాజు పెరట్లో మంచాల మీద ఆరబెడతాడు. కాకులూ మేకలూ అటు రాకుండా కాపలా కాసేది జాంగ్రీ. పచ్చటి ఒళ్ళు, గుండ్రంగా చుట్టుకున్న తోక, అందుకని ఆ పేరు. వానలో తడుస్తూ గుమ్మంలోకొచ్చిన కుక్కపిల్లని తాతారావు భుజం మీది తువ్వాలు తీసి తుడిచాడు. అంతే, ఆయన ఎక్కడ కూర్చుంటే అక్కడికొచ్చి పాదాల మీద గడ్డం ఆనించి పడుకునేది. అన్నంలో మొదటి ముద్ద దానికి పెట్టకుండా ఆయన నోట్లో మెతుకు పెట్టుకునేవాడు కాదు.

పక్కిల్లు పోలయ్యది. కోళ్ళు పెంచుతాడు. ఒకరోజు గోడ మీంచి తల పెట్టి, "తాతారావూ, నీ కుక్క ఆడది. రేపు పిల్లల్ని కంటే అవి నా కోడిపిల్లల్ని బతకనిస్తాయా? ఈడు చూసి ఆపరేషన్ చేయించు. పిల్లలు పుట్టాయో, జాంగ్రీని ఊరవతల వదిలించేస్తా. మళ్ళీ చెప్పలేదనకు" అన్నాడు.

తాతారావు జాంగ్రీని చంకనేసుకుని, తమ్ముణ్ణి వెంటేసుకుని పశువుల ఆసుపత్రికి పరిగెత్తాడు.

డాక్టరమ్మ మంచి మనిషి, పాపం. విడమరిచి చెప్పింది. "చిన్న కుక్కలకైతే ఆరు నెలలు నిండితే చాలు. బాగా పెద్ద జాతి కుక్కలకైతే ఏడాది దాటేదాకా ఆగమంటాం. దీనికెన్ని నెలలు?"

"వానలో వచ్చిందండి."

"సరే, పళ్ళు చూస్తూండండి. పాలపళ్ళు ఊడి గట్టిపళ్ళు వచ్చాయంటే ఆరు నెలలు దగ్గరపడినట్టే. వెంటనే తీసుకురండి. ఆలస్యమైతే ఎదకొచ్చేస్తుంది."

ఇంటికి రాగానే సభ కూర్చుంది. ముందు తేలాల్సింది జాంగ్రీ చిన్న కుక్కా, పెద్ద కుక్కా అని. నూకరాజు దాన్ని పోలయ్య కోడిపెట్ట పక్కన నిలబెట్టాడు. "పెద్ద కుక్కే అన్నయ్యా! ఏడాది ఆగాలి." తాతారావు పాకలోని తమ గేదె పక్కన నిలబెట్టాడు. "ఎంత చిన్నదో చూడరా! ఆరు నెలలు చాలు." కోడి దగ్గరికీ గేదె దగ్గరికీ తిరిగి తిరిగి జాంగ్రీకి కాళ్ళు నొప్పి పుట్టాయి. చివరికి మంగాయమ్మ తీర్పు చెప్పింది. "రోజుకో సైజైతే డాక్టరమ్మ మాత్రం ఏం చేస్తుంది? దాన్ని గేదె పక్కనే కట్టేయండి. ఎప్పుడు చూసినా చిన్నదే అవుతుంది." అన్నదమ్ములిద్దరూ ఆ తెలివికి నోళ్ళు వెళ్ళబెట్టారు.

ఇక పాలపళ్ళు. మనిషి పిల్లలకి పన్నూడితే పేడలో చుట్టి ఇంటికప్పు మీదకి విసురుతాం కదా, మరి ఇంటి ఆడపిల్ల పన్నుకి ఆ మర్యాద లేకపోతే ఎలా అని మంగాయమ్మ రోజూ పొద్దున్నే ఓ పేడముద్ద చేసి సిద్ధంగా పెట్టేది. ఆ చేత్తోనే అప్పడాలు ఒత్తేదా అని నన్నడక్కండి, నేను చెప్పను. నూకరాజు పెరడంతా జల్లెడ పట్టాడు. పన్ను దొరకలేదు. కుక్కపిల్ల ఊడిన పన్ను అన్నంతోపాటు మింగేస్తుందని చిన్నపిల్లాడికైనా తడుతుంది. కానీ చెప్పాను కదా, ఊహన్నది ఆ ఇంటి గడప తొక్కలేదు.

తాతారావు వారానికోసారి జాంగ్రీ నోరు తెరిచి చూసేవాడు. ఒకసారైతే దాని నోట్లో తెల్లగా, పొడుగ్గా, నిగనిగలాడుతూ కొత్త కోరలు!

"నోటినిండా పళ్ళేనే మంగా! ఒక్కటంటే ఒక్కటీ ఊడలేదు."

"అయితే ఇంకా పసిపిల్లేనండీ."

"పోలయ్య తొందరపడుతున్నాడు గానీ, దీనికి ఇంకా ఈడే రాలేదు" అని తాతారావు గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోయాడు.

ఇంకేముంది! ఓ పొద్దున తలుపు తీసేసరికి గుమ్మం ముందు ఊళ్ళో మగకుక్కలన్నీ రేషన్ షాపు ముందు జనంలా బారులు తీరి ఉన్నాయి. తాతారావు పడుతూ లేస్తూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు.

ఆవిడ నెత్తి కొట్టుకుంది. "ఎదకొచ్చిందయ్యా! ఇప్పుడు చేస్తే రక్తం ఎక్కువ పోతుంది. తగ్గాక రెండు నెలలు ఆగి, ఖాళీ కడుపుతో తీసుకురా. ఈలోపల మాత్రం దాన్ని ఒక్క మగకుక్క కంట పడనివ్వకు. అర్థమైందా?"

"ఎందుకర్థం కాదండీ! కంట పడకూడదు. అంతే కదా?"

"అంతే."

పాపం, ఆవిడ ఎవరితో మాట్లాడుతోందో ఆవిడకి తెలీదు.

గదిలో పెట్టి తలుపేస్తే పోయేది. గదిలో అప్పడాలున్నాయి. అందుకని మంగాయమ్మ తన పాత చీర జాంగ్రీ మీద ముసుగేసి పెరట్లో కట్టింది. ముసుగేసుకున్న జాంగ్రీ కొత్త పెళ్ళికూతురిలా కూర్చుంది. మగకుక్కలు వాసన పట్టుకుని చుట్టూ మూగాయి. నూకరాజు చూసి తెగ సంబరపడ్డాడు. "అన్నయ్యా, వెతుక్కుంటున్నాయి! పిచ్చిమొహాలు, వీటికి కనపడటం లేదు!"

అంతలో గాలికి ముసుగు జారింది. తాతారావు పరిగెత్తుకెళ్ళి మళ్ళీ కప్పాడు. అప్పుడు తట్టింది ఆయనకి. ఒక కుక్కకి ముసుగేస్తే ఎగిరిపోతుంది, ఆ మగకుక్కల కళ్ళకే గంతలు కడితే? తమ్ముడికి గుడ్డపీలికలిచ్చి పంపాడు. నూకరాజు మొదటి కుక్క దగ్గరికి వెళ్ళాడు, చెయ్యి కరిచింది. రెండోదాని దగ్గరికి వెళ్ళాడు, పిక్క కరిచింది. మూడోది ఎక్కడ కరిచిందో వదినకి చూపించలేకపోయాడు. పోలయ్య నల్లకుక్క కర్రోడు ఒక్కడే సాధువు. తోకూపుతూ గంతలు కట్టించుకున్నాడు.

"వీడొక్కడే బుద్ధిమంతుడురా! వీడికెలాగూ కనపడదు. మిగతావాటిని తరమడానికి వీణ్ణే జాంగ్రీ పక్కన కాపలా కట్టేద్దాం" అన్నాడు తాతారావు.

దొంగచేతికి తాళాలివ్వడం అంటారే, అదీ. కర్రోడు కాపలా భలేగా కాశాడు. ఇంకో కుక్కని ఆ పెరటి ఛాయలకి రానిస్తే ఒట్టు! తాతారావు దూరం నుంచి చూసి, "కళ్ళు లేకపోయినా ఎంత బాధ్యత!" అని ముచ్చటపడి వాడికో అప్పడం కూడా వేయించి పెట్టాడు.

రోజులు గడిచాయి. జాంగ్రీ ఒళ్ళు చేసింది. మంగాయమ్మ చూసి, "గేదె పక్కన ఉండీ ఉండీ గేదె పోలికలొచ్చాయండీ" అంది. అదీ సబబుగానే తోచింది తాతారావుకి. రెండు నెలలు కాగానే ఖాళీ కడుపు మాట గుర్తుపెట్టుకుని ముందురోజు సాయంత్రం నుంచి దానికి ఏమీ పెట్టలేదు. అది మొహంలోకి చూస్తుంటే తన కంచం కూడా పక్కకి నెట్టేశాడు. పొద్దున్నే బండి మాట్లాడుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ జాంగ్రీ పొట్ట మీద చెయ్యి వేసింది. మొహం మారిపోయింది. "కడుపునిండా ఉన్నాయి కదయ్యా!"

"అమ్మతోడు డాక్టరమ్మా! నిన్నటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ పెట్టలేదు. కావాలంటే మా తమ్ముణ్ణి అడగండి!"

"ఓరి నీ తెలివి తగలెయ్యా! పిల్లలయ్యా, పిల్లలు! రేపో మాపో ఈనుతుంది. మగకుక్క కంట పడనివ్వొద్దన్నానా లేదా?"

"పడనివ్వలేదండీ. పెరట్లో దాని పక్కనే కట్టేశాం గానీ, గంతలు విప్పలేదు."

డాక్టరమ్మ కుర్చీలో కూలబడిపోయింది.

మూడోనాడు జాంగ్రీ గేదె పాకలో ఐదు పిల్లల్ని పెట్టింది. ఐదూ నల్లగా, అచ్చు కర్రోడి ముక్కుతో. పోలయ్య గోడ మీంచి చూశాడు. చూసి, తన కుక్క పోలికలు గుర్తుపట్టి కాస్త తగ్గాడు గానీ మాట మాత్రం వదల్లేదు. "ఈసారికి నా కుక్క తప్పు కూడా ఉంది కాబట్టి పిల్లల్ని నేనే ఇంటికొకటి ఇప్పిస్తా. కానీ మళ్ళీ నీ ఇంట్లో పిల్లలు పుట్టాయంటే జాంగ్రీ నీకు దక్కదు. ఇదే ఆఖరు."

తాతారావు ఆ రోజు పిండి దంచలేదు. పాకలో జాంగ్రీ ముందు గొంతుక్కూర్చున్నాడు. అది పిల్లలకి పాలిస్తూనే ఎప్పటిలా ఆయన పాదం మీద గడ్డం ఆనించింది. ఆయనకి ఏడుపాగలేదు. నా అంత తెలివైనవాడికే ఇలా జరిగితే ఊళ్ళో తెలివితక్కువ వాళ్ళ కుక్కల గతేమిటో అని ఇంకాస్త ఏడ్చాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఆసుపత్రికి బయల్దేరాడు.

"ఎప్పుడు చేస్తారో చెప్పండి డాక్టరమ్మా. అది లేకపోతే నేనుండలేను."

ఆ గొంతు విని ఆవిడ మెత్తబడింది. "పిల్లలు పాలు మానాక తల్లిని తీసుకురా, చేస్తాను. అయినా ఎప్పుడూ ఆడవాటి వెంటే పడతారేమయ్యా అందరూ? మగవాటికి కోత చిన్నది, సాయంత్రానికి లేచి తిరుగుతాయి. ఈడొచ్చిన మగవాటికి కూడా చేయించుకుంటూ వస్తే ఊళ్ళో ఈ గొడవే ఉండదు. ముందు మీ ఇంట్లోంచే మొదలుపెట్టు. రేపే తీసుకురా."

"మా ఇంట్లోంచా?"

"మీ ఇంట్లోంచే. నలుగురూ నిన్ను చూసి నేర్చుకుంటారు."

కర్రోడు తాతారావు కుక్కేననుకుంది ఆవిడ. పెరట్లో దాని పక్కనే కట్టేశామని చెప్పింది ఈయనే కదా. అక్కడే కొంప మునిగింది.

ఇంటికొచ్చి తాతారావు సంగతి చెప్పాడు. మళ్ళీ సభ. మంగాయమ్మ వేళ్ళు మడిచింది. "మనింట్లో మగపుట్టుక ఎవరిదండీ? గేదె ఆడది. కోళ్ళు మనవి కావు. జాంగ్రీ ఆడది. నేనా ఆడదాన్ని." అక్కడితో ఆగి, అన్నదమ్ములిద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

నూకరాజు గోడకి అతుక్కుపోయాడు. "అన్నయ్యా, నాకింకా ఈడు రాలేదు!"

"పోయినేడాదే కదరా నీకు పెళ్ళి సంబంధాలు చూశాం?"

"కుదర్లేదు కదా! ఈడొస్తే కుదిరేదే కదా!"

ఆ మాట సబబుగానే తోచింది తాతారావుకి. ఇక మిగిలింది తనే. సూదంటేనే కళ్ళు తిరిగే మనిషి. ఇంత వయసొచ్చాక ఇదేం ఖర్మరా దేవుడా అనుకున్నాడు. పెరట్లోంచి జాంగ్రీ మొరుగు వినపడింది, మేకని తరుముతోంది బాలింతరాలు. ఆ కాస్త మొరుగూ వినపడని ఇల్లు ఎలా ఉంటుందో అని ఆలోచించబోయాడు. ఊహ అలవాటు లేదుగా, రాలేదు. గుండె మాత్రం కలుక్కుమంది.

"నేనే వెళ్తా. అన్నం వండకు మంగా" అన్నాడు.

మర్నాడు పొద్దున్న పశువుల ఆసుపత్రి ఆవరణ నిండా మేకలూ దూడలూ, వాటి మనుషులూ. డాక్టరమ్మ లోపలికొచ్చి చూసేసరికి బల్ల మీద తాతారావు వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు జోడించి.

"ఏమిటయ్యా ఇది? కుక్కేది?" అని అరిచింది ఆవిడ.

"అది బాలింత కదండీ, ఇంటిదగ్గరుంది. మీరన్నట్టు మా ఇంట్లోంచే మొదలుపెట్టాం. కడుపు ఖాళీయే. తొందరగా కానివ్వండి, సాయంత్రం పిండి దంచాలి."

డాక్టరమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. అప్పుడు చూసింది, తాతారావు మెళ్ళో ఇత్తడి బిళ్ళ వేలాడే జాంగ్రీ మెడపట్టీ, దానికో గొలుసు. గొలుసు రెండో కొస పట్టుకుని బల్ల పక్కన నిలబడ్డ మంగాయమ్మ, ఆవిడ వెనక్కి తగ్గడం చూసి నవ్వుతూ ధైర్యం చెప్పింది.

"భయపడకండి డాక్టరమ్మా, దగ్గరికి రండి. మా ఆయన కరవరు."