రెండవ సెగ గౌరీ వ్రత కథ

పూర్వము అగ్నికేశుడను ముని, తన మిత్రుడగు ఋతపాలుని ఆశ్రమమునకు వచ్చి, నిప్పులో కాలి నూనెలో మునిగి గట్టిపడిన ఖడ్గము కూడా ఒక్కొక్కప్పుడు గాజువలె పగులుచున్నదే, అట్టి ఖడ్గము చేసిన ఇంటివారి దుఃఖము తీరుటకు వ్రతమేదైనా కలదా అని అడిగెను. ఋతపాలుడు, దుఃఖము తీర్చు వ్రతము లేదనియు, రాకుండ కాచు వ్రతము మాత్రము కలదనియు పలికి, ఈ కథ చెప్పెను.

శోణపురమున సింగనాచారి యను కమ్మరియు, అతని భార్య అంబుజమ్మయు ఉండిరి. నిలువెత్తు కత్తులు చేయుటలో వారికి సాటి లేకుండెను. కత్తిని ఎర్రగా కాల్చి, వంకర పోకుండ మొన క్రిందికి పెట్టి నూనెతొట్టిలో నిలువునా ముంచుట ఆచారి పని. అట్లు ముంచిన కత్తి గట్టిపడును గాని పెళుసుగా ఉండును. అందుచేత అది పూర్తిగా చల్లారకముందే బూడిద కప్పిన సన్నని నిప్పులపై మరల ఉంచి, ఎండుగడ్డి రంగు తేలువరకు మెల్లగా త్రిప్పవలెను. ఇదియే రెండవ సెగ. అది అంబుజమ్మ వంతు. ఆ సెగలో గౌరీదేవి కూర్చుండునని ఆమె అత్తగారు చెప్పియుండెను.

అంబుజమ్మ తమ్ముడు రాచప్ప రాజుగారి కొలువులో బంటుగా చేరెను. సరిహద్దు కోటకు బయలుదేరునాడు, బావ చేసిన కత్తి తప్ప మరొకటి పట్టనని కూర్చుండెను. ఆచారి కత్తిని ముంచి తీసి, భార్య ముందుంచి స్నానమునకు వెళ్ళెను. ఆమె ఇంకను బూడిద సర్దుచుండగనే, వర్జ్యము దగ్గరపడుచున్నదని పురోహితుడు కబురంపెను.

"అక్కా, వర్జ్యం రాకముందే గడప దాటాలంటున్నడు అయ్యగారు. నీ గడ్డి రంగు తేలేదాక కూసుంటే నా మీదనే గడ్డి మొలుస్తది," అని రాచప్ప నవ్వెను.

"బయలెల్లేటప్పుడు గా మాటలేందిరా," అని ఆమె కసిరెను.

అతడు ఇనుమును అరగదీయు ఆకురాయితో కత్తిని గీచి చూడగా గీత పడలేదు. "చూసినవా? ఆకురాయికే లొంగుతలేదు. ఇంకేం గావాలె దీనికి?"

అంబుజమ్మ మనస్సు రెండువైపుల లాగెను. చెడు ఘడియలో పంపినచో తమ్ముని ప్రాణమునకు ముప్పని భయపడి, నిప్పుల దగ్గరనుండి లేచి, కత్తికి బొట్టు పెట్టి అతని చేతికిచ్చెను. మంచి ఘడియలోనే అతడు గడప దాటెను. జరిగిన లోపమును ఆమె ఎవరికిని చెప్పలేదు.

కోటవాకిట మొదటి దెబ్బకే ఆ కత్తి నడిమికి విరిగెను. శత్రువు వేటుకు రాచప్ప కుడిచేయి మణికట్టు వరకు పోయెను. ఆ వార్త విని ఆచారి, తాను ముంచుటలోనే తప్పు జరిగెనని తల బాదుకొనెను. అప్పుడైనను ఆమె నోరు తెరవవలసినది, తెరవలేకపోయెను.

నాటినుండి ఆచారికి తన చేతిమీద నమ్మకము పోయెను. పగులునేమోనని తక్కువ కాల్చెను, ఆ కత్తులు తోటకూర కాడలవలె వాలిపోయెను. నూనె మార్చి ఎక్కువ కాల్చెను, అవి తొట్టిలోనే చిట్లెను. కొనువారు రాకపోయిరి. కొలిమితిత్తిని ఎలుకలు కొరికెను. కొలిమి చల్లబడెను, పిమ్మట వంటింటి పొయ్యియు చల్లబడెను.

ఒక మధ్యాహ్నము ఒక ముత్తైదువ పిడక చేతబట్టుకొని నిప్పు అడుగవచ్చెను.

"కమ్మరోళ్ళింట్ల నిప్పు లేదంటే ఎవరన్న నమ్ముతరా బిడ్డా?"

"ఏం జెయ్యాలెనమ్మా, మా ఆయన చెయ్యి..." అని అంబుజమ్మ మొదలుపెట్టి ఆగిపోయెను. "ఆయన చెయ్యి మంచిదే. నేనే సెగ ఇడిసి లేచిన."

"గది నాకెందుకు చెప్తవ్? ఆయనకు చెప్పు."

అంబుజమ్మ పెరటిలోనున్న భర్త దగ్గరకు పోయి అంతయు చెప్పెను. ఆచారి ఆమె వైపు చూడకుండనే, "ఇన్నొద్దులు నన్నెందుకు తిట్టుకోనిచ్చినవే," అనెను. పిమ్మట లేచి ఆమెతో ఇంటివైపు నడిచెను. వారు ఇంటిలోనికి వచ్చుసరికి ముత్తైదువ లేదు. చల్లని కొలిమిలో పిడక రాజుకొని ఉండెను. వచ్చినది గౌరియేనని గ్రహించి, దంపతులిద్దరును నిప్పుకు పసుపుకుంకుమలుంచి, బెల్లము నివేదించి, క్రొత్తగా కాల్చి నూనెలో ముంచిన కత్తిని విడువక త్రిప్పుచు రెండవ సెగ నిచ్చి, దానినే వ్రతముగా పట్టిరి. నాటినుండి వారి కత్తి వంగినను విరుగలేదు. సిరి మరల ఇల్లు చేరెను.

వ్రతము ముగియునాడు రాచప్పను పిలిచిరి. అతడు క్రొత్త కత్తిని ఎడమచేత పట్టి, మొనను నేలకానించి వంచి వదలగా అది తిన్నగా నిలిచెను.

"మంచిగున్నదక్కా. ఎవరికిస్తవ్ దీన్ని?"

"నీ కోసమే చేసినంరా."

"నాకెందుకే ఇప్పుడు," అని నవ్వబోయి, అతడు కత్తిని బావ ముందుంచెను. అంబుజమ్మ అన్నము కలిపి అతని నోటికి అందించెను. గౌరి ఆ ఇంటికి అన్నియు తిరిగి ఇచ్చెను గాని, ఆ చేతిని ఇవ్వలేదు.

కొలిమి పెట్టినవారు, ఆయుధము పట్టువారు, అయినవారిని దూరము పంపువారు, పని నడుమ లేచిపోయినవారు, తప్పును కడుపులో దాచుకొన్నవారు ఈ వ్రతము చేయవలెను. చేసిన ఇంట పనిముట్టు విరుగదు, దూరము పోయినవారు క్షేమముగా వత్తురు, ఆలుమగల నడుమ మాట మిగిలిపోదు. కథ విన్నవారు దేవిపై అక్షతలు వేసి, దాచిన మాట ఏదైనను ఉన్నచో ఒకరితో ఒకరు చెప్పుకొని, మన్నించుకొని, అటుపిమ్మటనే విస్తళ్ళ ముందు కూర్చుండవలెను.