లే నూకీ, బువ్వ సల్లారిపోతంది

ఊ కొట్టేవాళ్ళుంటేనే సాగే కథ ఇది. ఊ కొట్టండి మరి. ఎప్పటిదంటే చెప్పడం కష్టం. సినిమాలు డేరాల్లో ఆడే కాలం. తెర మీద వాన కురిస్తే ముందు వరస ఆడవాళ్ళు కొంగు నెత్తిన కప్పుకునే కాలం.

అప్పట్లో చెరకుతోటల మధ్య గరువుపాలెం అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. పెద్దది పైడమ్మ, చిన్నది నూకరత్నం. తల్లీ తండ్రీ లేరు. చెల్లెల్ని పెంచింది పైడమ్మే. అన్నిటికన్నా కష్టం ఆ పిల్లని పొద్దున్నే లేపడం.

"లే నూకీ, బువ్వ సల్లారిపోతంది," అనేది పైడమ్మ. ఒకసారి పిలిస్తే కదలదు. రెండోసారి పిలిస్తే కదలదు. మూడోసారి పిలిస్తే ఒక కన్ను తెరిచి నవ్వేది. రోజూ ఇదే తంతు.

నూకరత్నం పెద్దదయ్యాక ఒకనాడు ఆ ఊరి బెల్లం గానుగ దగ్గరికి సినిమావాళ్ళొచ్చారు. వాళ్ళకో శవం కావాలి. నిజం శవం కాదు లెండి, శవంలా పడుకునే మనిషి. ఒకామెని అడిగారు. "పెల్లీడు కూతురున్నాది బాబూ, నానెందుకు సస్తాను?" అంది. ఇంకొకామెని అడిగారు. "మా అత్త సూస్తే నిజంగానే సంపేస్తాది," అంది. ఆ తర్వాత నూకరత్నాన్ని అడిగారు.

"ఊరికే పడుకుంటే సాలా?" అంది నూకరత్నం.

చెరకుపిప్పి మీద పడుకుంది. బెల్లం వండే చోట ఈగలకేం తక్కువ? ముక్కు మీద వాలాయి, పెదవి మీద వాలాయి, కంటిరెప్ప మీద వాలాయి. పిల్ల ఉలకలేదు, పలకలేదు. "ఇంత బాగా చచ్చినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు!" అని డైరెక్టరు మురిసిపోయి, ఆమెని మద్రాసు తీసుకుపోయాడు. పడుకున్నందుకు పనివ్వడమేమిటో, పైడమ్మకి ఏమీ బోధపడలేదు.

ఏడాది తిరిగింది. నూకరత్నం వేసిన సినిమా పక్కూరి డేరాకి వచ్చింది. పైడమ్మ వెళ్ళి ముందు వరసలో కూర్చుంది. తెర మీద చెల్లెలు దగ్గింది, దగ్గింది, "నా బిడ్డ జాగ్రత్త" అంది, కన్ను మూసింది.

పైడమ్మ లేచి నిలబడి, "లే నూకీ!" అని అరిచింది. లేవలేదు. పాడె కట్టారు. లేవలేదు. మోసుకుపోయారు. ఇంక నమ్మక ఏం చేస్తుంది? ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది. పొయ్యి ఆర్పేసింది. పెరట్లో తలారా నీళ్ళు పోసుకుంది. ఊరంతా వచ్చి కూర్చుని ఏడ్చారు.

మూడోనాడు నూకరత్నం బస్సు దిగింది.

"అప్పా, ఆకలేస్తంది!" అంది అక్కని చూసి.

పైడమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడిపోయింది. "నువ్వు సచ్చిపోనావు గదే! నా కల్లతో నాను సూసినాను."

"ఉత్తుత్తినే సచ్చిపోనానప్పా."

"మరి పాడె?"

"అదీ ఉత్తుత్తిదే."

"మరి నా ఏడుపు?"

నూకరత్నం సంచీ కింద పెట్టి అక్క కళ్ళు తుడిచింది.

అప్పుడు ఆ ఊరి పెద్దావిడ గవరమ్మ కర్ర తాటించుకుంటూ వచ్చింది. "దీనికింత గాబరా ఏటే? కాకి నెత్తి మీద తంతే మనమేటి సేస్తాం? ఆ మనిషి పోయినట్టు సుట్టాలకి కబురంపుతాం. ఆల్లు నిజమనుకోని ఏడుస్తారు. ఆ ఏడుపుతో గండం పోతాది. ఆ మర్నాడు బతికే ఉన్నాదని సెప్తాం. ఇదీ అంతే. నీ ఏడుపుతో దీని గండం పోయింది. అది సచ్చినప్పుడల్లా నువ్వు ఏడువు. మనసారా ఏడవాల సుమా, దొంగేడుపు పనికిరాదు."

ఈ మాట పైడమ్మకి నచ్చింది. పూర్తిగా బోధపడిందా అంటే లేదు. కానీ చెల్లెలి కోసం తను చేయగల పని ఒకటి దొరికింది.

ఆ రాత్రి నూకరత్నం ఆదమరిచి నిద్రపోయింది. తెల్లారాక పైడమ్మ భయం భయంగా మంచం దగ్గరికి వెళ్ళింది. "లే నూకీ, బువ్వ సల్లారిపోతంది." కదల్లేదు. "లే నూకీ, బువ్వ సల్లారిపోతంది." కదల్లేదు. "లే నూకీ..." ఒక కన్ను తెరిచి నవ్వింది. పైడమ్మకి అప్పుడు ప్రాణం కుదుటపడింది.

ఆ తర్వాత సినిమాలో నూకరత్నం వరదలో కొట్టుకుపోయింది. ఆ పై సినిమాలో హీరోయిన్‌కి తగలాల్సిన తూటా తను తింది. తెర మీద ఆమె పేరు ఏనాడూ పడలేదు. చావు మాత్రం ప్రతిసారీ పడింది. పడినప్పుడల్లా పైడమ్మ డేరాకి నడిచి వెళ్ళింది, పొయ్యి ఆర్పింది, మనసారా ఏడ్చింది. చెల్లెలు వచ్చింది, పడుకుంది, మూడో పిలుపుకి లేచింది. ఏది ఉత్తుత్తి చావో ఏది నిజం చావో పైడమ్మకి ఆ మూడో పిలుపు దగ్గరే తేలేది.

అక్కడ షూటింగులోనూ నూకరత్నానిది అదే పట్టు. డైరెక్టరు కట్ చెప్పినా లేచేది కాదు. "మా అప్ప మాట ఎవరైనా మూడుసార్లు అంటేనే లేస్తాను," అనేది. మొదట్లో నవ్వారు. తర్వాత ఎవరో ఒకరు పిలిచేవారు. పిలవకపోతే వాళ్ళకే ఏదోలా ఉండేది.

కాలం గడిచింది. డేరాలు పోయాయి, టీవీలొచ్చాయి. నూకరత్నానికి జుట్టు నెరిసింది. సీరియల్లో అత్తగారి వేషం దొరికింది. పట్టుచీర, చేతినిండా గాజులు, రోజూ కోడల్ని సాధించడం. ఊళ్ళో ప్రెసిడెంటుగారి అరుగు మీద టీవీ పెడితే ఊరంతా చూసేవారు. ఏడాది గడిచింది, రెండేళ్ళు గడిచాయి, ఆరేళ్ళు గడిచాయి. అత్తగారు దగ్గదు, మునగదు, తూటా తినదు. నిమ్మళంగా కూర్చుని తిడుతుంది.

పైడమ్మకి మొదట్లో సంతోషంగానే ఉండేది. తర్వాత దిగులు పట్టుకుంది. తను ఏడ్చి ఎన్నాళ్ళయింది? ఏడవకపోతే గండాలు ఎలా పోతాయి? పోనీ ఊరికే కూర్చుని ఏడుద్దామంటే అది దొంగేడుపు అవుతుందాయె.

చెల్లెలు ఊరొచ్చినప్పుడు గడ్డం పట్టుకుని బతిమాలింది. "ఓపాలి సచ్చిపోవే, నూకీ. సీరియల్లోనే."

నూకరత్నం నవ్వింది గానీ, అక్క మాట కొట్టెయ్యలేదు. వెళ్ళి డైరెక్టరుని అడిగింది. "ఒక్కసారి చంపండి బాబూ."

"అందరూ చంపొద్దని కాళ్ళావేళ్ళా పడతారు, నీదేం చోద్యమమ్మా!"

"మా అప్ప ఏడవాలి బాబూ."

"అత్తగారు చచ్చిపోతే సీరియల్ ఏమైపోవాలి?" అని అందరూ పకపకా నవ్వారు. రెండోసారి అడిగితే విసుక్కున్నారు. మూడోసారి అడిగితే, "సరే, ఉగాది వెళ్ళనీ, చూద్దాం," అన్నారు.

ఉగాది రాకముందే గరువుపాలేనికి ఒక వ్యాను వచ్చింది. సీరియల్ కంపెనీ మనిషి దిగాడు. వెనక తలుపు తీశాడు. లోపల నూకరత్నం పడుకుని ఉంది.

"జ్వరమొచ్చిందమ్మా. మూడు రోజులే. ఎంతో ప్రయత్నించాం," అన్నాడు.

పైడమ్మ ముఖం వెలిగిపోయింది. "ఇన్నాల్లకి సంపినారా బాబూ! ఉగాది దాకా ఆగమన్నారంటగా?"

అతను నిజంగానే పోయిందని చెప్పబోయాడు. పైడమ్మ మాత్రం క్షణం ఆలస్యం చెయ్యలేదు. పొయ్యి ఆర్పింది. ఆరేళ్ళ బాకీ తీరేలా ఏడ్చింది. ఊరు ఊరంతా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఏడ్చి ఏడ్చి, పైట చెంగుతో ముఖం తుడుచుకుని, చెల్లెలి పక్కన కూర్చుంది.

"లే నూకీ, బువ్వ సల్లారిపోతంది."

కదల్లేదు.

"లే నూకీ, బువ్వ సల్లారిపోతంది."

కదల్లేదు.

"లే నూకీ, బువ్వ సల్లారిపోతంది."

పైడమ్మ చుట్టూ చూసింది. లెక్క తప్పానేమో అనుకుని మళ్ళీ మొదటినుంచి పిలిచింది.

ఊరివాళ్ళే ఆమెని పక్కకి తీసుకెళ్ళి జరగాల్సినవి జరిపించారు. పైడమ్మ అయోమయంగా చూస్తూ కూర్చుంది. ఆ సాయంత్రం ప్రెసిడెంటుగారి అరుగు మీద టీవీ మోగింది. అందులో పట్టుచీర కట్టుకుని నూకరత్నం. "ఏమే, ఇంకా వడ్డించలేదా?" అని కోడలి మీద కేకలు వేస్తోంది. ఆ భాగాలు ముందే తీసి పెట్టినవని పైడమ్మకేం తెలుసు?

"అదిగో, లేచినాది! లేచినాది!" అని ఇంటికి పరిగెత్తింది. పొయ్యి రాజేసింది. కంచంలో వేడి బువ్వ, బెల్లంముక్క తెచ్చి టీవీ ముందు పెట్టింది. ఊరివాళ్ళు పక్కకి జరిగి కంచానికి చోటిచ్చారు. అలా తొమ్మిది సాయంత్రాలు పెట్టింది.

పదో సాయంత్రం టీవీలో అత్తగారు లేదు. గోడకి ఆమె ఫోటో ఉంది. ఫోటోకి దండ ఉంది. కోడలు ఏడుస్తోంది.

పైడమ్మ ఫోటోని మూడుసార్లు పిలిచింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత అందరూ వినేలా అంది.

"ఇప్పుడా సంపుతారు? ముందే సంపమన్నాం గదా!"

ఇంటికి వెళ్ళి పొయ్యి ఆర్పేసింది. ఆ రోజు ఆమె ఏడ్చిన ఏడుపు గండాలు పోవడానికి కాదు.

అక్కచెల్లెళ్ళిద్దరూ పోయి చాలాకాలమైంది. ఇప్పటికీ షూటింగుల్లో చచ్చిపోయే వేషం వేసినవాళ్ళు కట్ చెప్పగానే లేవరట. ఎవరో ఒకరు "లే నూకీ" అని మూడుసార్లు పిలవాలి. ఆ నూకి ఎవరో పిలిచేవాళ్ళకీ తెలీదు, లేచేవాళ్ళకీ తెలీదు. మూడో పిలుపుకి ఒక కన్ను తెరిచి నవ్వి లేస్తారు.

గరువుపాలెంలో నూకరత్నం పోయిన రోజు ఏదంటే నేటికీ తేలలేదు. వ్యాను వచ్చిన రోజని కొందరు, దండ పడిన రోజని కొందరు. ఎందుకొచ్చిన గొడవని రెండు రోజులూ చేస్తారు. కంచంలో వేడి బువ్వ, బెల్లంముక్క పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ఆ తర్వాత బువ్వ చల్లారకముందే పిల్లలకి పెట్టేస్తారు.