జమీందారుకి బీపీ చూసిన గేదెల డాక్టరు

ఇందులో ఆవగింజంత అబద్ధముంటే నాకు మిగిలిన రెండు పళ్లూ ఇక్కడికిక్కడే రాలిపోవాలి. మొన్న రాలినదాని సంగతి వేరు, అది జంతిక వల్ల.

మా అమ్మాయి ఐర్లండులో నర్సు. దాని దగ్గర నేనున్న ఏడాది, అక్కడి పశువైద్య కళాశాలలో పైడిరాజని మన గజపతినగరం కుర్రాడు ఉండేవాడు. ఊళ్లో గేదెల డాక్టరు. ఈనలేక అవస్థపడే గేదెకి భుజందాకా చెయ్యి పెట్టి లాగాడంటే, దూడ వచ్చి ఎదురింటి అరుగు మీద పడేదట. అంత బలం. కుక్కలకీ పిల్లులకీ వైద్యం నేర్చుకుందామని పైచదువుకి వచ్చాడు. వచ్చేముందే ఊళ్లో కొత్త ఆస్పత్రికి బోర్డు కూడా రాయించేశాడు.

ఆ తరగతి నిండా పరదేశపు డాక్టర్లే. సోమాలియా నుంచి ఒంటెల డాక్టరు, మంగోలియా నుంచి గుర్రాల డాక్టరు. పిల్లిని చూస్తే వాళ్లకి నవ్వొచ్చేది.

వాళ్ల గురువు ఊనా అని ఒక ముసలావిడ. నేను ఊనమ్మ అనేదాన్ని. ఎండ కాసిన రోజున ఒక్క మాట మాట్లాడేది. ఐర్లండులో ఎండెక్కడిది?

పరీక్షకి ఒక్కొక్కరికీ ఒక పిల్లి. పైడిరాజుకి మా జమీందారు పడ్డాడు. మా అమ్మాయి పెంచిన పిల్లి, పులి కంటే కాస్త పెద్ద. దాన్ని పరీక్షించి, జబ్బేమిటో మందేమిటో చెప్పాలి. అప్పటికే ఒకసారి తప్పాడు. ఈసారీ తప్పితే పట్టా లేదు. ఇంటికెళ్లి బోర్డు చెరిపించుకోవడమే.

"మామ్మగారూ, గేదెల్నే పడుకోబెట్టినవాణ్ణి. ఇదెంత?" అన్నాడు.

ఒంటెల డాక్టర్ని తల దగ్గర, గుర్రాల డాక్టర్ని నడుం దగ్గర, నన్ను తోక దగ్గర నిలబెట్టాడు. తువ్వాలు చుట్టి అందరం అదిమి పట్టాం. జమీందారు పెట్టిన అరుపుకి సముద్రంలో ఓడలు వెనక్కి తిరిగాయి.

ముంగాలికి చిన్న పట్టీ చుట్టి బీపీ చూశాడు పైడిరాజు. మొహం పాలిపోయింది.

"ఇది ఈ రాత్రి దాటదు మామ్మగారూ! జీవితాంతం మాత్రలు వెయ్యాలి."

"రాత్రి దాటనిదానికి జీవితాంతమేమిటి నాయనా?" అన్నాను.

వదలగానే జమీందారు బీరువా మీదికి ఎగిరి కూచున్నాడు.

ఊనమ్మ వచ్చింది. అంకె చూసింది. పక్కన అతను రాసిపెట్టిన 'జీవితాంతం మాత్రలు' కూడా చదివింది. ఒంటెల డాక్టరుకీ గుర్రాల డాక్టరుకీ కళ్లతో సైగ చేసింది, పైడిరాజు వైపు. వాళ్లు అతన్ని అమాంతం ఎత్తి బల్ల మీద పడేశారు. ఊనమ్మ తనే తువ్వాలు చుట్టింది. కాళ్లు నాకు అప్పగించింది.

"మేడమ్! ఏంటిది? మామ్మగారూ, మీరైనా చెప్పండి!"

"కదలకు బాబూ, మేమున్నాంగా" అన్నాను.

అతనికి అదే కదా భయం!

ఊనమ్మ అతని చేతికి పెద్ద పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకె చూపించింది. జమీందారుకి వచ్చినదాని కంటే ఎక్కువ!

"మాత్రలు జీవితాంతమా?" అంది ఊనమ్మ. ఆ రోజు ఎండ కాసిందన్నమాట.

వదిలేశాం. చొక్కా సర్దుకుని దిగాడు. మా ముగ్గురినీ చూశాడు. బీరువా మీద జమీందారునీ చూశాడు. తువ్వాలు మడిచి పక్కన పెట్టి, "మీరంతా కాస్త బయటికెళ్తారా?" అన్నాడు మెల్లిగా.

నేను వెళ్లాను. తలుపు సందులో ఒక కన్ను మాత్రం ఉండిపోయింది.

నేల మీద కూచున్నాడు, పిల్లికి వీపు తిప్పి. పిలవలేదు. చూడలేదు. పరీక్ష టైము కరిగిపోతోంది. "లాగెయ్యరాదూ!" అని గుర్రాల డాక్టరు బయట గోళ్లు కొరుకుతున్నాడు. పైడిరాజు కదల్లేదు. పొద్దు గుంకి, మళ్లీ పొడిచి, మధ్యలో ఓ పండగ కూడా వెళ్లిపోయి ఉంటుంది.

జమీందారు దిగాడు. బూటు వాసన చూశాడు. ఒళ్లోకెక్కి, చక్రంలా చుట్టుకుని గుర్రుపెట్టాడు. అప్పుడు ఆ చిన్న పట్టీని పువ్వు తొడిగినట్టు తొడిగి చూసి, కాగితం మీద రాశాడు పైడిరాజు. జబ్బు లేదు. మందు వద్దు.

ఊనమ్మ చదివింది. ఎండ మళ్లీ కాసింది కాబోలు.

"మరి మొదట చూసిన అంకె ఎవరిది?"

పైడిరాజు, జమీందారుని అదిమిన తన రెండు చేతులూ తిప్పి చూపించాడు. ఊనమ్మ పట్టా మీద సంతకం పెట్టేసింది.

సరే, కథ అయిపోయింది, నువ్వింక లేవే పిల్లా. పక్కింటి వాళ్ల కుక్క మంచం కింద దూరి రానంటోందిట. ఇంటిల్లిపాదీ చీపుళ్లు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. వెళ్లి ఆ చీపుళ్లన్నీ అడిగి పట్టుకురా. ఒకటి మనం ఉంచేసుకుందాం, మనది అరిగిపోయింది.