విమానం గంట, ఆదెమ్మ గంట

ఆ ఏడు ఎండలకు చెరువే ఎండిపోయిందండీ. విమానాశ్రయం గోడ పక్కన ఒక్క మడుగు మిగిలింది, అందులో కాసిని చేపలు. గూడబాతుల గుంపు వారం కిందటే దక్షిణాన పెద్ద సరస్సుకు వెళ్లిపోయింది. ఆ సరస్సు పక్కనా ఒక విమానాశ్రయం ఉంది, అదే కొంప ముంచింది.

వెనక మిగిలింది ఆదెమ్మ, ఆలస్యంగా పొదిగిన దాని ఒక్కగానొక్క పిల్ల, తోడుగా ముసలి అచ్చమ్మ. గూడబాతులకో ఆచారముంది. మూడు రోజులు కడుపారా మేసి, నాలుగోనాడు పొద్దెక్కి వేడిగాలి పైకి లేచాకే ఎగరాలి. దారిలో కుంట దగ్గర ఓ రాత్రి ఆగాలి. రెక్కలు ముదరని పిల్లకు ఆదెమ్మ చేపలు తినిపించడం మొదలుపెట్టి ఒక్క రోజే అయింది.

ఆ చేపల మీదే జిత్తులయ్య నక్క కన్ను.

"ఏం ఆదెమ్మక్కా, గంట ప్రయాణానికి మూడు రోజుల మేతా?"

"గంటా! ఎవరన్నారు?"

"గోడ కింద పడుకునేవాణ్ణి, నాకు తెలీదా? రోజూ మైకులో చెబుతారు, ఇక్కణ్ణుంచి అక్కడికి గంటేనని. నమ్మకపోతే నువ్వే చూసుకో."

ఆదెమ్మ చూసింది. పొద్దున వెళ్లిన విమానం మధ్యాహ్నం కాకముందే తిరిగొచ్చింది.

"పద తల్లీ, సాయంత్రానికల్లా సరస్సులో ఉంటాం," అంది పిల్లతో.

అచ్చమ్మ మండిపడింది. "ఒసే, ఈ దారి తిరిగే ముసలిదాన్నయ్యాను. రెండు రోజులు పడుతుందే! నక్క వినయాలు నమ్మి పిల్లను చంపుకుంటావా?"

"నీ కాలం వేరు పెద్దమ్మా. నేను కళ్లారా చూశాను."

కళ్లారా చూసిందట! చూసింది విమానాన్ని, తన రెక్కల్ని కాదు. మధ్యాహ్నం దాటాక బయల్దేరారు. మనసొప్పక అచ్చమ్మ కూడా వెనకే ఎగిరింది.

గంట గడిచింది. "ఇంకెంత దూరమమ్మా?" అంది పిల్ల.

"వచ్చేశాం తల్లీ, అదిగో."

అక్కడ తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవు. పొద్దు వాలింది, ఎత్తే గాలి ఆగిపోయింది. పిల్ల మరి నాలుగుసార్లు రెక్కలాడించి కింద పడింది. మళ్లీ లేవలేదు. అయ్యో, నీళ్లయినా దొరకలేదు దాని నోట్లో పొయ్యడానికి!

మర్నాడు ఆదెమ్మ, వెనకే అచ్చమ్మ మడుగు దగ్గరికే తిరిగొచ్చారు. నీళ్లలో ఒక్క చేపా లేదు. జిత్తులయ్య మూతి నాక్కుంటున్నాడు.

"గంటన్నావు కదరా! నా బిడ్డ పోయిందిరా!"

"నేనేమైనా అబద్ధం చెప్పానా అక్కా? విమానానికి గంటే. నీకెంతో నువ్వడగలేదు."

గోడవతల మైకు మళ్లీ గంటే అని చెప్పింది.

దారి ఎంతసేపని అడిగేవాడు, అది ఎవరి రెక్కలకో కూడా అడగాలి.