నీళ్లు పోయని అరటి

సోమిదేవమ్మగారు ప్రశ్న అడిగిన చోట జవాబు చెప్పేవారు కారు. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి, ఆ తరవాత అనకాపల్లికి అవతల శారదా నది ఒడ్డున ఒక పెంకుటింట్లో స్థిరపడ్డ మనిషి ఆవిడ. సాయంత్రం పూట నలుగురూ చేరి మంచీచెడ్డా అడుగుతుండేవారు. ఎవరిదైనా ప్రశ్న బరువైనదని తోస్తే, "రేపు మీ ఇంట్లో భోంచేస్తాను" అని ఊరుకునేవారు. రోగిని చూడకుండా మందివ్వడం ఆవిడకి చేతకాదు.

ఒక వేసవిలో సన్యాసిరావు వచ్చి కూర్చున్నాడు. చక్కెర మిల్లులో కాటా గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. ఆ ఏడు కరెంటు బిల్లు చూసి గుండె గుభేలుమన్న దగ్గర్నుంచి, ఇంట్లో పొదుపుని ఒక దీక్షగా పట్టాడు.

"అమ్మగారూ, నేను సుఖాలన్నీ విడిచిపెట్టాను. ఫ్యాన్ రెక్కలు విప్పి అటకెక్కించేశాను. ఆపేసిన ఫ్రిజ్‌లో ఇప్పుడు ఊరగాయ జాడీలు ఉంటున్నాయి. ఇంటికంతా ఒకటే బల్బు. గ్యాస్ మిగలాలని ఒకపూటే వంట. ఇంత చేసినా బిల్లు తగ్గలేదు, మనసుకి శాంతీ లేదు. నా నిగ్రహంలో ఇంకా లోపం ఎక్కడుంది?"

అతను చెప్పని సంగతి ఇంకొకటుంది. ఎనభై ఏళ్ల తల్లి పైడమ్మ నాలుగు రోజుల క్రితం ఉక్కకి సొమ్మసిల్లి మంచం మీంచి జారిపోయింది. భార్య నూకరత్నం అత్తగారి మొహాన నీళ్లు చల్లి, తడిగుడ్డ వేసి, తెల్లారేదాకా విసనకర్ర విసిరింది. తేరుకున్నాక కూడా సన్యాసిరావు రెక్కలు దించలేదు. దీక్ష మధ్యలో మానకూడదన్నాడు. ఆ రోజు నుంచి నూకరత్నం అతనితో మాట్లాడటం మానేసింది. ఆదివారం నాటికి అత్తగారిని వెంటబెట్టుకుని చోడవరంలో అక్కగారింటికి వెళ్లిపోవడానికి సంచి సర్దుకుంది. ఆ సంచి గుమ్మం పక్కనే కనబడుతోంది. అతను దాన్ని చూడనట్టు తిరుగుతున్నాడు గాని, రోజూ అదే గుండెల మీద బరువుగా ఉంది.

"రేపు మీ ఇంట్లో భోంచేస్తాను," అన్నారు సోమిదేవమ్మగారు.

మర్నాడు ఆవిడ వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. సన్యాసిరావు ఇల్లంతా తిప్పి తన త్యాగాలు చూపించాడు. ఆవిడ అన్నీ చూశారు. పీట మీద కూర్చుని, చెమటలు కారుతుండగా, నూకరత్నం వేసిన అరిటాకులో ముద్దపప్పు, మామిడికాయ పచ్చడి తృప్తిగా తిన్నారు. తిన్నంతసేపూ పెరట్లో నీళ్ల మోటారు రొద వినిపిస్తూనే ఉంది. చెయ్యి కడుక్కున్నా ఆ రొద ఆగలేదు.

అప్పుడు ఆవిడ సన్యాసిరావుని కాకుండా నూకరత్నాన్ని అడిగారు. "ఈ ఇంట్లో కరెంటు ఎక్కడికి పోతోందమ్మా?"

సన్యాసిరావు జవాబు చెప్పబోయాడు. ఆవిడ చెయ్యి ఎత్తేసరికి ఆగిపోయాడు.

"మోటారుకమ్మా," అంది నూకరత్నం. తడుముకోలేదు. "పోయినేడు ముప్పావుగంటలో నిండే ట్యాంకు, ఇప్పుడు రెండు గంటలు పోసినా నిండదు. రోజుకి రెండుమాట్లు వెయ్యాలి. మీరు తిన్న ఆకు ఆ గోడమూల అరటిది. ఈ ఎండల్లో దానికి చుక్క నీళ్లు పోసినవాళ్లు లేరు. అయినా చూడండి, గెల వేసింది. దాని కిందే మేడ మీద ట్యాంకుకి వెళ్లే పైపు ఉంది. ఇసుకనేల కాబట్టి తడి పైకి తేలట్లేదు."

"ఈయనకి చెప్పలేదా?"

"ఉగాదికి ముందే చెప్పాను. ఆడదానికి మోటార్ల సంగతి ఏటి తెలుసన్నారు. పప్పు నానబెట్టి మూతపెట్టి ఉడికిస్తే గ్యాస్ సగం మిగులుతాదని కూడా చెప్పాను. నానిన పప్పు వాతమన్నారు."

సన్యాసిరావు అరటి వైపు చూశాడు. చుట్టుపక్కల దొడ్లలో చెట్లన్నీ మాడి వేలాడుతుంటే, అదొక్కటే పచ్చగా నిగనిగలాడుతూ ఉంది. రోజూ దాని పక్కనుంచే నడిచాడు. ఒక్కనాడూ ఎందుకని అనుకోలేదు.

నూకరత్నం చీర కుచ్చెళ్లు దోపుకుని గునపం అందుకుంది. రెండు పోట్లు పొడిచేసరికి సన్యాసిరావు వచ్చి గునపం తన చేతిలోకి తీసుకున్నాడు. ఆవిడ పార పట్టుకుంది. మోకాలి లోతు దిగేసరికి మట్టి ముద్దముద్దగా వచ్చింది. ఇంకో జానెడు తవ్వితే పైపు వంపు తిరిగే చోట అతుకు నిలువునా చీలి ఉంది. నీళ్లు జివ్వున ఎగజిమ్మి ఇద్దరి మొహాలూ తడిపేశాయి. ఐదు రోజుల తరవాత నూకరత్నం మొదటిసారి నవ్వింది.

బజారుకి వెళ్లి కొత్త అతుకు తెచ్చి, జిగురు పూసి బిగించి, అది ఆరేదాకా ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. ఎండ దిగాక ట్యాంకు ఖాళీ చేసి, "నువ్వే వెయ్యి" అన్నాడు అతను. నూకరత్నం మోటారు మీట నొక్కింది. పైడమ్మని మంచంతో సహా వరండాలోకి తెచ్చారు. సోమిదేవమ్మగారు గోడ గడియారం కేసి చూస్తూ కూర్చున్నారు. అరగంట గడిచింది. ఇంకొంచెం. సరిగ్గా నలభై నిమిషాలకి ట్యాంకు పొంగి, మేడ మీంచి నీళ్లు ధారగా పెరట్లోకి దూకాయి. పైడమ్మ బోసినోటితో, "గెలిచావే కోడలా," అంది.

సన్యాసిరావు నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. రెక్కలు దించి, తన పైపంచెతోనే దుమ్ము తుడిచి, బిగించి, లోపలికి తెచ్చిన తల్లి నెత్తిన ఫ్యాన్ తిరిగేదాకా నిచ్చెన దిగలేదు. దిగాక, గుమ్మం పక్కనున్న సంచిని తానే తీసుకెళ్లి లోపల బీరువాలో పెట్టి వచ్చాడు.

మరుసటి నెల కరెంటు బిల్లు అంతకుముందు దాంట్లో సగానికి తక్కువ వచ్చింది. అదీ ఫ్యాన్ తిరుగుతూ, ఫ్రిజ్‌లో మజ్జిగ చల్లబడుతూ ఉండగా. గ్యాస్ బండ ఇంకో పన్నెండు రోజులు ఎక్కువ నడిచింది, రెండు పూటలా వండుకుంటున్నా. వీధిలో ఆడవాళ్లు ఒకరి తరవాత ఒకరు వచ్చి, తమ మోటారు ఎంతసేపు పోస్తోందో నూకరత్నానికి చెప్పి సలహా అడిగి వెళ్తున్నారు. ఆవిడ వాళ్ల పెరళ్లకి వెళ్లి చెట్లూ చేమలూ చూసి వస్తోంది. పప్పు సన్యాసిరావే నానబెడుతున్నాడు.

భార్యాభర్తలిద్దరూ ఆ బిల్లు పట్టుకుని సోమిదేవమ్మగారి దగ్గరకి వెళ్లారు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, లెక్కల మేష్టరమ్మ కదా, పై నుంచి కింది దాకా చదివి, బాగుందన్నట్టు తల పంకించారు. సన్యాసిరావు మొహం వెలిగిపోయింది. పాత అలవాటు మాత్రం పోలేదు.

"అమ్మగారూ, ఇక నేను విడిచిపెట్టాల్సింది ఏమైనా మిగిలిందా?"

ఆవిడ బిల్లు మడిచి నూకరత్నం చేతిలో పెట్టారు.

"ఉంది నాయనా. ఇప్పుడు 'నేను' అన్నావే, అది. మీటరుకి తెలిసేది కాదు."