ఊడ్చని ఇసుక

లాలప్పకు ఆ గుట్ట మీద బతుకు విసుగెత్తిపోయింది. మామూలు విసుగు కాదు. మాట్లాడడానికి మనిషి లేక, పొద్దున్నే లేచి ముంగిసతో మాట్లాడే దాకా వచ్చింది వ్యవహారం.

"ఏమ్మా, తిన్నావా?" అని అడుగుతాడు దాన్ని.

అది మల్లెపొద కిందినుంచి తల బయటపెట్టి, వీడికి పనీపాటా లేదా అన్నట్టు ఒక చూపు చూసి, రాళ్ళ సందులోకి దూరిపోతుంది.

"పో, నువ్వూ పో," అంటాడు లాలప్ప. అని, కడవ తీసుకుని బావి మెట్లు దిగుతాడు. ఆ రోజుకు అదే మాటామంతీ.

ఊళ్ళో ఉన్నప్పుడు అతను పరుపులు కుట్టేవాడు. దూదేకులవాళ్ళ ఇల్లు కదా, పొద్దస్తమానం దూది ఏకే చప్పుడు, వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, వీటన్నిటి మీదుగా ఇమాంబీ కేకలు. ఇమాంబీ అతని పెళ్ళాం. ఆమె పిలిస్తే పక్కవీధిలో మేకలు కూడా తల తిప్పేవి. ఒక వానాకాలం జ్వరం తగిలి పోయింది. పిల్లల్లేరు. లాలప్ప దూదేకే విల్లు గోడకు తగిలించి, మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు. కొన్నాళ్ళు చూశాడు, ఇంక ఆ ఇంట్లో ఉండలేక గుట్ట ఎక్కాడు.

గుట్ట మీద ఒక పీరు సమాధి ఉంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గుట్టస్వామి అంటారు. ఆ సమాధి చూసుకునే ఫకీరు హుసేనప్ప. ముసలివాడు. అందరికీ తాతే.

"ఇల్లు మింగడానికి వస్తా ఉంది తాతా," అన్నాడు లాలప్ప ఆయన కాళ్ళ దగ్గర కూలబడి. "నీ దగ్గర ఉంచుకో. ఏదన్నా దారి చూపించు."

తాత అతని మొహం చూశాడు. "తోట చూసుకుంటావా?" అన్నాడు.

అంతే. దారీ లేదు, డొంకా లేదు. తోట.

తోట గుట్టకు సగంలో ఉంది. కాస్త చదును, ఒక దిగుడుబావి, మట్టిగోడల గది ఒకటి. గులాబీలు, మల్లెలు, కనకాంబరాలు, అంచున మరువం. గురువారం గురువారం వీటితోనే సమాధికి పూలచాదర్ కుట్టాలి. మిగతా రోజులన్నీ దానికోసం చాకిరీ. పాదులు తీయాలి. పేడ మోయాలి. ఎండిన కొమ్మలు కత్తిరించాలి. ఎండాకాలమైతే పూటకు ఎన్ని కడవలు పోసినా భూమి ఇంకా తెమ్మనే అంటుంది.

గురువారం జనం వస్తారు. మెట్ల మీదుగా గుంపులుగా పైకి పోతారు, పూలు ఎంత బాగున్నాయో చెప్పుకుంటూ దిగిపోతారు. పెంచినవాడు ఎవడని ఒక్కరూ అడగరు. తాత సమాధి వదిలి కిందికి రాడు. పగలంతా ఎవరో ఒకరు మొక్కు చెల్లించడానికి వస్తారు, దీపం చూసుకోవాలి. లాలప్ప పూలు తీసుకుని పైకి పోతే, "పెట్టు," అంటాడు. శుక్రవారం కాళ్ళకు నూనె రాస్తే, "చాల్లే," అంటాడు. అబ్బ, ఏం మనిషండీ! మాటలకేమన్నా కరువొచ్చిందా?

ఇదంతా లాలప్ప ఓర్చుకున్నాడంటే ఒకే ఒక్క కారణం ఉంది.

తోటను అతనికి అప్పజెప్పిన పాత తోటమాలి మౌలప్ప, పొరక చేతిలో పెడుతూ ఒక మాట చెప్పాడు. తోటలో బాటలకు ఏటి ఇసుక పోసి ఉంటుంది. దాన్ని తెల్లారకముందే, చీకటి ఉండగానే ఊడ్చాలి. ఒక్క గుర్తు మిగలకూడదు. ఎందుకంటే తొలి వెలుగుతో గుట్టస్వామి సమాధిలోంచి లేచి తోటలోకి వస్తాడు. ఆ ఇసుక మీద మొదటి అడుగు ఆయనదే కావాలి.

"ఎవురి సేవ చెల్లుతాదో వాళ్ళకు ఆ అడుగు కనపడ్తాది," అన్నాడు మౌలప్ప.

"నీకు కనపడిందా?"

"లేదప్పా. నాది ఊడ్చేది బాగలేదేమో," అని, చెప్పులు వేసుకుని కూతురి ఊరికి పోయాడు.

లాలప్ప ఆ మాట పట్టుకున్నాడు. ఉడుం పట్టు. కోడి కూయకముందే లేచేవాడు. కటిక చీకట్లో, చేతి అంచనాతో, వెనక్కి వెనక్కి నడుస్తూ ఊడ్చేవాడు. తన అడుగులు తనే చెరిపేసుకుంటూ వచ్చి గది ముందున్న బండ ఎక్కేసేవాడు. అక్కడ గొంతుక్కూర్చుని తెల్లారేదాకా చూసేవాడు.

వెలుగు వచ్చేది. ఇసుక నున్నగా, ఏ గుర్తూ లేకుండా ఉండేది. అతను చూస్తుండగానే ఎక్కడినుంచో నెమళ్ళు దిగేవి. స్వామి నడవాల్సిన ఇసుక మీద దర్జాగా నడిచి, కనకాంబరం మడిలో పొర్లి దుమ్ము స్నానం చేసేవి.

"ఒసే, మీ పాడుగాను!" అని మట్టిగడ్డ విసిరేవాడు. అవి నాలుగడుగులు ఎగిరి మళ్ళీ పక్కమడిలో వాలేవి.

నెమళ్ళు పగటి దొంగలు, కనిపిస్తాయి, తిట్టుకోవచ్చు. కనపడని వాటితోనే చావు. లేత మొక్కలు కొరికి ఉండేవి. మరువం వేళ్ళతో సహా పెళ్ళగించి ఉండేది. ఒకసారి బావిగట్టున ఏదుపంది ముల్లు దొరికింది. లాలప్ప తుమ్మకంప నరికి మడుల చుట్టూ పెట్టాడు, పాత డబ్బాలు తాడుకు కట్టి వేలాడదీశాడు. ఎవడొస్తున్నాడో ఎవడు పోతున్నాడో అతనికి తెలిసేది కాదు. రోజంతా నీళ్ళు మోసినవాడు పడుకుంటే ఏనుగు తొక్కినా లేవడు కదా.

అతనికి కావలసింది వాటి సంగతి కాదు. అతనికి ఒక అడుగు కావాలి. ఒక్కటంటే ఒక్కటి. చచ్చిపోయిన పీరైనా సరే, తన గుమ్మం దాకా ఎవరో వచ్చారని తెలిస్తే చాలు. ఇమాంబీ పోయినప్పటినుంచి అతని గుమ్మంలోకి ఎవరూ రాలేదు.

కనపడకపోతే, ఊడ్చడంలోనే తప్పుందనుకున్నాడు. ఇంకా పెందలాడే లేచాడు. పొరక పుల్లలు మెత్తనివి ఏరి కట్టాడు. ఇసుక జల్లెడ పట్టాడు. కుంకుడునురగంత మెత్తగా అయింది ఇసుక. అయినా ఎవరూ రాలేదు.

ఆ ఏటి ఎండాకాలం, ఒక గురువారం సాయంత్రం, జనం దిగిపోయాక లాలప్ప మెట్లెక్కి పైకి పోయాడు. తాత దీపం వత్తి సరిచేస్తున్నాడు.

"నేను పోతాండా తాతా."

"యాడికి?"

"యాడికో ఒక చోటికి. ఒల్లని చోట ఎందుకుండల్ల?"

"ఎవురు ఒల్లలేదు నిన్ను?"

అంతే, కట్ట తెగింది. "స్వామి ఒల్లలేదు! చీకట్లో లేచి, నడుము ఇరిగేటట్ల ఊడుస్తాండా. ఒక్క దినమన్నా అడుగు పెట్టినాడా? ఆయన కథ అట్ల పెట్టు. నువ్వు? నాకు జ్వరమొచ్చినా, నొప్పొచ్చినా, ఏమప్పా లాలప్పా, ఉండావా చచ్చినావా అని ఒక్కసారన్నా నా గది కాడికి వచ్చినావా? ఇంట్లో ఉంటే ఒంటరోణ్ణని ఈడికొస్తి. ఈడ ముంగిస గూడ నాతో పలకదు!"

చెప్తూ చెప్తూ ఏడ్చేశాడు. మగవాడు ఏడిస్తే చూడ్డానికి బాగుండదని మొహం పక్కకు తిప్పుకున్నాడు గానీ, తిప్పుకుంటే మాత్రం తెలియదా ఏంటి.

తాత వత్తి సరిచేయడం ఆపాడు.

"పొరక ఏడుంది?" అన్నాడు.

"కింద."

"తీసకరాపో."

ఏడుపులో ఉన్నా లాలప్పకు ఒళ్ళు మండింది. మనిషి పోతానంటుంటే ఈయనకు పొరక గొడవ. అయినా పెద్దాయన మాట కాదనలేక దిగిపోయి తెచ్చి ముందర పడేశాడు. తాత దాన్ని లాక్కుని, తన చాప కింద తోసి, దాని మీద సర్దుకుని కూర్చున్నాడు. పొరక కట్ట గుచ్చుకుంటున్నట్టుంది, ఒకసారి మూలిగాడు కూడా.

"రేపు ఊడ్చాకు," అన్నాడు. "బాగా తెల్లారినాక పో. చీకట్లో పోతే కాలికి రాయి తగుల్తాది."

అలవాటు చొప్పున లాలప్పకు చీకట్లోనే మెలకువ వచ్చింది. చెయ్యి తలుపు మూల పొరక కోసం తడుముకుంది. లేదు. ఏం చేయాలో తోచక మూట కట్టుకున్నాడు. మూటలో ఏముంది గనక, ఒక దుప్పటి, రెండు చొక్కాలు, ఇమాంబీ గాజు ఒకటి. దాన్ని ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చుని, తెల్లారుతుందా తెల్లారదా అని చూశాడు.

తెల్లారింది.

"యా అల్లా," అన్నాడు లాలప్ప.

నిన్నటి తన చెప్పుల గుర్తుల మీదుగా ఇసుకంతా కొత్త అడుగులే. సంతలాగుంది బాట. బావివైపునుంచి కుందేలు గంతులేసుకుంటూ వచ్చి, గులాబీ పాదులో మిగిలిన తడి దగ్గర ఆగి, మళ్ళీ గంతులేసుకుంటూ పోయింది. ఏదుపంది నిదానంగా నడిచింది, వెనక ముళ్ళు ఈడ్చిన గీతలు సన్నగా పడ్డాయి. ఒక నక్క ఎక్కడా ఆగకుండా, పని మీద పోయేవాడిలా తిన్నగా పోయింది. పాము ఒకటి వంకరటింకరగా బాట దాటింది. కౌజుపిట్టల గుంపు పిల్లలతో సహా వచ్చినట్టుంది, బియ్యపు పిండితో ముగ్గేసినట్టు చిన్న చిన్న కాళ్ళు.

లాలప్ప నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయాడు. తోటలో ఇంతమందా! ఇన్నాళ్ళూ వీళ్ళందరూ వచ్చిపోతుంటే, రోజూ లేవగానే అందరినీ తుడిచి పారేసి, ఎవరూ రారని కూర్చుని ఏడ్చింది తనేనా?

అప్పుడు కనిపించింది మనిషి అడుగు.

ఉత్త కాలు. చెప్పులేని కాలు. మెట్ల దగ్గర మొదలై, మరువం మీద పడకుండా జాగ్రత్తగా పక్కకు జరిగి, నేరుగా తన గది వైపు వస్తోంది. వచ్చాడు! గుట్టస్వామి వచ్చాడు! మోకాళ్ళ మీద పడి, ఆ ఇసుక కళ్ళకు అద్దుకోబోయి, వంగినవాడు అట్లాగే ఉండిపోయాడు.

ఎడమకాలికి చిటికెన వేలు లేదు.

ఆ కాలు అతనికి తెలుసు. ప్రతి శుక్రవారం ఒళ్ళో పెట్టుకుని నూనె రాసే కాలు.

లేచి, అడుగుల వెంట మెల్లగా నడిచాడు. అవి గుమ్మం దాకా వచ్చాయి. లోపలికి రాలేదు. గుమ్మం పక్కన, గోడ వారగా, మనిషి కూర్చున్న గుర్తు ఉంది. మడమలు ఇసుకలో దిగబడి ఉన్నాయి. ఊరికే కాసేపు కూర్చుని లేచింది కాదు. కుందేలు కూడా భయపడకుండా ఆ మడమల పక్కనుంచే పోయింది. లేచేటప్పుడు కష్టమైనట్టుంది, రెండు అరచేతులూ ఇసుకలో బలంగా దిగాయి.

గోడ మీద, కూర్చున్న మనిషి తల ఆనేంత ఎత్తులో, నూనె మరక. అది నిన్నటిది కాదు. ఎప్పటినుంచో ఉంది. గోడ చెమ్మగిల్లిందనుకుని పోయిన పండగకు దాని మీద అతనే సున్నం కొట్టాడు. మళ్ళీ పట్టింది.

లాలప్ప మూట భుజాన వేసుకుని మెట్లెక్కాడు. దిగివచ్చిన అడుగుల మీద కాలు పడకుండా పక్కనుంచి నడిచాడు.

తాత మూడురాళ్ళ పొయ్యి ముందు కూర్చుని గంజి కాస్తున్నాడు. తల ఎత్తలేదు.

"రాత్రి వచ్చినావా తాతా?"

"ఊఁ."

"రోజూ వస్తావా?"

"మోకాళ్ళు ఒప్పుకుంటే వస్తా."

"పగలు పిలిచి ఒక మాట మాట్లాడవే! నేను పడుకున్నాక వచ్చి, వాకిట్లో కూచ్చొని..." లాలప్ప మూట ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "నేను బాగుండానో లేదో చూసేదానికా? అట్లయితే లేపచ్చు గదా నన్ను."

తాత గంజి కలిపే గరిటె పక్కన పెట్టాడు. ముసలి కళ్ళు పొగకో మరి దేనికో ఎర్రగా ఉన్నాయి.

"నీ కోసరం వస్తాండానని ఎవురు చెప్పినారు నీకు?" అన్నాడు. "జనమంతా దిగిపోయినాక, ఈడ ఆ రాయి, నేను. అంతే గదా. నువ్వు నిద్రలో గురక పెడ్తావు లాలప్పా. అది వింటా కూచుంటే, నాకూ ఒక మనిషి ఉండాడనిపిస్తాది."

లాలప్ప మూట దించి, పొయ్యి పక్కన కూర్చున్నాడు.