సాంబారు పూసిన పుస్తకాలు

బొబ్బిలి అవతల ఓ బడిలో పరదేశి మాస్టారని ఉండేవారు. మనిషి మంచోరే గానీ, పుస్తకం మీద పిల్లల చెయ్యి పడిందంటే ఆయన ప్రాణం గిలగిల్లాడిపోయేది.

ఆ బడి లైబ్రరీకి ఒకసారి బహుమతులొచ్చిన పిల్లల కథల పుస్తకాలు పెట్టెడు వచ్చాయి. ఒక్కోదాని అట్ట మీద ఆ బహుమతి గుర్తుగా బంగారు రంగు బిళ్ల. ఆ మెరుపు చూసి రోడ్డు మీద లారీవాళ్లు, ఎదురుగా ఇంకో లారీ వస్తోందనుకుని పక్కకి తప్పుకునేవారు. నమ్మకపోతే మీ ఇష్టం. నాలుగో తరగతితో చదువుని క్షమించి వదిలేసినవాణ్ణి, నాకే వాటిని చూస్తే చదవాలనిపించేది.

మాస్టారు వాటిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసేశారు. పిల్లలు వరసలో వచ్చి చూసి పోవచ్చు. ముక్కు మాత్రం అద్దానికి తగలకూడదు.

ఇలా ఉండగా పై ఆఫీసు నుంచి ఇందుమతి మేడమ్ వస్తున్నారని కబురొచ్చింది. పిల్లలు చదవని చోట పుస్తకాలు తీసేసి పక్క బడికి ఇచ్చేస్తారట. పక్కూరి మాస్టారు ఫోను చేసి, తమ దగ్గర నలిగిపోయిన పుస్తకాలు చూసి మేడమ్ తెగ మురిసిపోయారని చెప్పాడు. మన మాస్టారి గుండె జారిపోయింది. ఈయన పుస్తకాల్లో కాగితాలు ఒకదాన్నొకటి వదిలిపెట్టనంత కొత్తగా ఉన్నాయి మరి. మేడమ్ వచ్చేది మర్నాడే.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక మాస్టారు ఏడో తరగతి పిల్లల్ని పిలిచి, "ఎవరూ చేతులు కడుక్కోవద్దు" అన్నారు.

మాస్టారికి ఒంట్లో బాలేదనుకున్నారు పిల్లలు. ఆయన బీరువా తెరిచి తలో పుస్తకం ఇచ్చారు. కాగితాలు తిప్పమన్నారు, మూలలు మడతపెట్టమన్నారు, మధ్యమధ్యలో సాంబారు చెయ్యి రాయమన్నారు. ఒకటి పూర్తయితే లాక్కుని ఇంకోటి ఇచ్చారు. సాయంత్రానికి ఆ వాసనకి ఊళ్లో చీమలన్నీ లైబ్రరీలో చేరిపోయాయి. చదువు మీద చీమలకి అంత శ్రద్ధ నేనెక్కడా చూడలేదు.

మర్నాడు మేడమ్ వచ్చారు. పుస్తకాలు తిప్పి చూసి, బాగా నలిగాయే అని మెచ్చుకున్నారు. మాస్టారు ఊపిరి పీల్చుకున్నారు. అంతలో ఆవిడ పిల్లల్ని ఒక్కొక్కర్నీ లేపి, నువ్వు చదివిన కథేంటని అడగడం మొదలెట్టారు. ఒకడు కాళ్లు చూసుకున్నాడు. ఒకడు గోడ చూశాడు. చివరికి మేడమ్ ఒక పుస్తకం తెరిచి, ఈ సాంబారు మరక ఎవరిదని అడిగారు. పైడితల్లి అనే పిల్ల లేచింది.

"మేకొకటి ఒక్కతే పడవెక్కేసిందండి. ఏటి మధ్యలో పడవకి చిల్లు పడిందండి."

"తర్వాత?"

"తర్వాత ఏటైందో తెల్దండి. అక్కడికొచ్చేసరికి సాంబారు రాయడం అయిపోయిందని మాస్టారు లాగేసుకున్నారండి."

మేడమ్ మాస్టారి వైపు తిరిగారు. "మీరు చెప్పండి మాస్టారూ. మేక బతికిందా?"

మాస్టారు ఫ్యాను వైపు చూశారు. ఫ్యానుకీ తెలీదు.

మేడమ్ చేతిలో పుస్తకం మూసేశారు. పుస్తకాలన్నీ జీపులో పెట్టమన్నారు. అప్పుడు పైడితల్లి వెళ్లి ఆవిడ ముందు నిలబడి, ఆవిడ చేతిలోని మేక పుస్తకం చూపించింది.

"మేడమండీ, ఇదొక్కటి రేపు పట్టుకెళ్తారా? ఆ మేకని ఏటి మధ్యలో వదిలేసి నాను ఇంటికెళ్లలేనండి."

మేడమ్ ఆ పిల్ల దగ్గరికి వంగారు. ఆ ఒక్క పుస్తకం ఆమె చేతిలో పెట్టి, ఇది మీ బడిదే, ఉంచుకోమన్నారు. మిగతావన్నీ పక్కూరి బడికి వెళ్లిపోయాయి.

మాస్టారు జీపు వెనకాలే రోడ్డు దాకా వెళ్లి, దుమ్ము అణిగాక తిరిగొచ్చారు. వరండాలో పైడితల్లి పైకి చదువుతోంది. చుట్టూ పిల్లలు. పడవలో నీళ్లు మేక మోకాళ్ల దాకా వచ్చేశాయి. ఒకడు ఆ పుస్తకం అంచు పట్టుకుని లాగుతున్నాడు. మాస్టారు వాణ్ణి తిట్టలేదు. నెమ్మదిగా వచ్చి పిల్లల వెనకాల నేల మీద కూర్చున్నారు.

"గట్టిగా చదవమ్మా, ఇక్కడికి వినబడట్లేదు" అన్నారు.

నీతి: ఎంత పెద్ద బహుమతి వచ్చిన పుస్తకమైనా చదివితేనే మనదవుతుంది. తాళం వేసి దాచినా మనది కాదు, చదివినట్టు నటించినా మనది కాదు.